చట్టానికి పుట్టుకే కొలమానమా?

2016లో డెన్మార్క్ చేసిన చట్టం ప్రకారం, ఆశ్రయం కోరి వచ్చినవారి వద్ద 10,000 క్రోనర్లకు మించిన సొత్తును పోలీసులు స్వాధీనపరచుకోవచ్చు. పెళ్ళి ఉంగరం మాత్రం వదిలేస్తారట, ఎంత దయ! నాడు వస్తున్నవారిలో సిరియన్లే అధికం. 2022లో ఉక్రెయిన్ వారు రాగానే వారికి మినహాయింపు లభించింది. బాంబులు రెండు చోట్లా బాంబులే కదా? 2018 చట్టంలోనైతే, పేదరికం ఎంత ఉన్నా, సగానికి మించి 'పాశ్చాత్యేతరులు' నివసిస్తేనే పేటకు 'ఘెట్టో' ముద్ర పడేది. ఈ రెంటినీ సోషల్ డెమోక్రాట్లు సైతం సమర్థించారు.

పొరుగునున్న జర్మనీ స్వర్గమని మేమనడం లేదు. 2025 ఎన్నికల్లో వలస వ్యతిరేక ఏ.ఎఫ్.డి.కి 20.8 శాతం ఓట్లు పడ్డాయి. అయినా 2024లో ఆ దేశం పౌరసత్వపు గడువును ఎనిమిదేళ్ళ నుండి ఐదేళ్ళకు తగ్గించింది. పాత పౌరసత్వాన్నీ నిలుపుకోనిచ్చింది. 1961 ఒప్పందంతో వెళ్ళిన తుర్కీ కార్మికుల కుటుంబాలు అర్ధశతాబ్దానికి పైగా ఎదురుచూసిన హక్కు అది.