బిల్లు దానంతటదే కదులుతోంది.. మరి చూసేదెవరు?

బిల్లు స్కాన్ చేస్తే చాలు, మిగతా పనంతా సాఫ్ట్‌వేరే చూసుకుంటుంది. డాక్యుమెంట్ మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్ అమ్మే కంపెనీలు చిన్న వ్యాపారులకు చెప్పే మాట ఇదే. ఇందులో సగం నిజం ఉంది. కాగితాలు వెతికే పని తగ్గుతుంది, టైపింగ్ తగ్గుతుంది. కానీ మిగతా సగం గురించి ఎవరూ చెప్పడం లేదు. ఇప్పుడున్న జీఎస్టీ ఏర్పాటులో వ్యాపారి ఏమీ చేయకుండా ఊరుకున్నా అది సంతకం కిందే లెక్క.

2017 జులై 1న జీఎస్టీ వచ్చినప్పుడు బిల్లులు దుకాణంలోనే ఉండేవి, రిటర్నులో మొత్తాలు మాత్రమే వెళ్లేవి అనుకున్నవాళ్లు చాలామంది. ఆ తర్వాత పరిస్థితి మెల్లగా మారిపోయింది. 2018 ఏప్రిల్ 1 నుంచి రాష్ట్రాల మధ్య సరుకు రవాణాకు ఈ-వే బిల్లు వచ్చింది. 2020 అక్టోబర్‌లో 500 కోట్ల పైన టర్నోవర్ ఉన్న కంపెనీలకు ఈ-ఇన్వాయిస్ మొదలైంది. ఆ హద్దు తగ్గుతూ తగ్గుతూ 2023 ఆగస్టు 1 నాటికి 5 కోట్లకు దిగింది. అంటే బేగంబజార్‌లో, రాణీగంజ్‌లో, విజయవాడ వన్‌టౌన్‌లో ఓ మాదిరి హోల్‌సేల్ దుకాణం కూడా ఈ లెక్కలోకి వచ్చేసింది.

ఈ-ఇన్వాయిస్ అంటే బిల్లును పీడీఎఫ్ చేసి పంపడం కాదు. బిల్లు వివరాలు ప్రభుత్వ పోర్టల్‌కు వెళ్లాలి, అక్కడ నుంచి 64 అక్షరాల నంబరు, క్యూఆర్ కోడ్ రావాలి. ఈ-ఇన్వాయిస్ ఇవ్వాల్సిన వ్యాపారి అది లేకుండా మరో వ్యాపారికి బిల్లు ఇస్తే చట్టం దృష్టిలో అది బిల్లే కాదు. 2025 ఏప్రిల్ 1 నుంచి 10 కోట్లు, ఆపైన టర్నోవర్ ఉన్నవాళ్లు బిల్లు తేదీ నుంచి 30 రోజుల్లోపే పోర్టల్‌లో పెట్టాలి. ఆలస్యమైతే పోర్టల్ తీసుకోదు.

నష్టం ఎవరికి?

గడువు దాటించింది అమ్మినవాడు, దెబ్బ మాత్రం కొన్నవాడికి కూడా. 10 లక్షల సరుకు మీద 18 శాతం పన్ను అంటే 1,80,000 రూపాయలు. కొన్న వ్యాపారి ఈ సొమ్మును క్రెడిట్‌గా తీసుకోవాలంటే ఆ బిల్లు జీఎస్టీఆర్-2బీలో కనిపించాలి. 2022 జనవరి 1 నుంచి ఇది చట్టంలోనే ఉంది. బిల్లు కనిపించకపోతే పన్ను జేబులోంచి కట్టాల్సిందే. అరువు మీద నడిచే దుకాణానికి ఇది నెల ఖర్చుతో సమానం.

అందుకే పెద్ద కొనుగోలుదారులకు బిల్లులు టైముకు అప్‌లోడ్ చేసే సప్లయరే కావాలి. సరుకు మంచిదే, రేటూ మంచిదే, కానీ బిల్లు ఆలస్యం అంటే ఆర్డరు పక్క దుకాణానికి వెళ్లిపోతుంది. సాఫ్ట్‌వేర్ కొనాలా వద్దా అనే ప్రశ్న ఇక్కడ సౌకర్యం గురించి కాదు, గిరాకీ నిలబెట్టుకోవడం గురించి.

ఊరుకుంటే ఒప్పుకున్నట్టే

2024 అక్టోబర్‌లో ఇన్వాయిస్ మేనేజ్‌మెంట్ సిస్టమ్, అంటే ఐఎంఎస్ వచ్చింది. సప్లయర్ పెట్టిన ప్రతి బిల్లూ కొన్నవాడి ఖాతాలో కనిపిస్తుంది. ఒప్పుకోవచ్చు, తిరస్కరించవచ్చు, పెండింగ్‌లో పెట్టవచ్చు. ఏదీ చేయకపోతే? ఒప్పుకున్నట్టే లెక్క.

ఇది వ్యాపారులకు సులువుగా ఉండాలని పెట్టిన పద్ధతి. కానీ ప్రమాదం కూడా ఇక్కడే. రాని సరుకుకు ఎవరో పొరపాటున మన జీఎస్టీ నంబరు మీద బిల్లు వేశారనుకుందాం. చూడకపోతే అది మన లెక్కలోకి వచ్చేస్తుంది. సరుకు అందకుండా క్రెడిట్ తీసుకోవడం చట్టప్రకారం చెల్లదు కాబట్టి రేపు నోటీసు వచ్చేది మనకే. అలాగే సప్లయర్ తప్పుగా క్రెడిట్ నోట్ వేస్తే మనకు రావాల్సిన క్రెడిట్ తగ్గిపోతుంది.

2025 జులై నెల రిటర్ను నుంచి ఇంకో మార్పు. జీఎస్టీఆర్-3బీలో అమ్మకాల పన్ను అంకె దానంతటదే వచ్చి కూర్చుంటుంది, చేత్తో మార్చడానికి వీల్లేదు. జీఎస్టీఆర్-1లో తప్పుంటే 3బీ వేయకముందే 1ఏ ద్వారా దిద్దుకోవాలి. ఇదివరకు నెలాఖరున మున్షీ సర్దేసే లెక్క ఇప్పుడు బిల్లు రాసిన రోజే సరిగ్గా ఉండాలి.

సాఫ్ట్‌వేర్ ఏం చేయగలదు?

మంచి సాఫ్ట్‌వేర్ మూడు కాగితాలను పక్కపక్కన పెట్టి చూస్తుంది. మనం ఇచ్చిన ఆర్డరు, గోదాములో దిగిన సరుకు, వచ్చిన బిల్లు. మూడూ కలిస్తే ముందుకు పంపుతుంది, కలవకపోతే ఆపుతుంది. ఎవరు ఎప్పుడు ఏం మార్చారో రాసి పెడుతుంది. కంపెనీలుగా రిజిస్టరైన సంస్థలకు 2023 ఏప్రిల్ 1 నుంచి అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఈ మార్పుల చిట్టా తప్పనిసరి. ఒక్కరి పేరు మీద నడిచే దుకాణాలకు, పార్ట్‌నర్‌షిప్ ఫర్మ్‌లకు ఈ రూల్ లేదు. కానీ భాగస్వాముల మధ్య గొడవ వచ్చినప్పుడు పనికొచ్చేది ఇదే.

చేయలేనిదీ ఉంది. గోదాములో 100 పెట్టెలకు బదులు 96 దిగాయని సాఫ్ట్‌వేర్‌కు తెలియదు. హమాలీ లెక్కపెట్టి, ఎవరో ఒకరు ఎక్కించాలి. చేత్తో రాసిన చిట్టీని, అందులోనూ ఉర్దూలోనో తెలుగులోనో ఉన్న హిసాబ్‌ను, ఇంగ్లిష్ ప్రింటు బిల్లును చదివినంత నమ్మకంగా చదవలేదు. మొదటి అడుగులో తప్పు పడితే అదే తప్పు నిమిషాల్లో బిల్లుకు, రిటర్నుకు, బ్యాంకు స్టేట్‌మెంట్ లెక్కకు పాకిపోతుంది. కాగితం కాలంలో తప్పు మెల్లగా నడిచేది, మధ్యలో ఎవరో పట్టుకునేవారు.

కొనేముందు అడగాల్సినవి

మొదటిది, తాళం ఎవరి దగ్గర? చిన్న దుకాణాల్లో జీఎస్టీ పాస్‌వర్డ్, ఓటీపీ వచ్చే ఫోను కన్సల్టెంట్ దగ్గరే ఉండటం మామూలే. యజమాని ఫోను నంబరు, ఈమెయిల్ రిజిస్ట్రేషన్‌లో ఉండాలి. లేకపోతే ఐఎంఎస్‌లో ఏం ఒప్పుకున్నారో ఆయనకే తెలియదు.

రెండోది, సబ్‌స్క్రిప్షన్ ఆపేస్తే పాత రికార్డులు వస్తాయా? జీఎస్టీ చట్టం ప్రకారం వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు లెక్కలు దాచాలి. కంపెనీ మూతపడినా, మనం మారినా ఫైళ్లన్నీ మన కంప్యూటర్‌కు దించుకునే వీలుండాలి.

మూడోది, ఆమోదించేది ఎవరు? బిల్లు ఎక్కించిన మనిషే ఆమోదించకూడదు. ఇద్దరే ఉన్న దుకాణంలో కూడా ఒకరు ఎక్కిస్తే ఇంకొకరు చూడాలి. 14వ తేదీన 2బీ వస్తుంది, నెలవారీ రిటర్నుకు 20 గడువు. మధ్యలో ఒక పూట ఐఎంఎస్‌కే కేటాయించాలి.

ఈ పని చేయాల్సిన మనిషి దుకాణంలోనే ఉన్నాడు. ఏళ్ల తరబడి ఖాతాలు రాసిన మున్షీకి ఏ సప్లయర్ రేటు పెంచి రాస్తాడో, ఏ బిల్లు అనుమానంగా ఉందో చూడగానే తెలుస్తుంది. సాఫ్ట్‌వేర్ వచ్చిందని ఆయన జీతం మిగుల్చుకునే యజమాని, ఆ తెలివిని కూడా బయటికి పంపుతున్నాడు. టైపింగ్ నుంచి ఆయన్ను తప్పించి తనిఖీలో కూర్చోబెడితే ఖర్చు పెరగదు. ఆయనకు నేర్పడానికి రెండు మూడు వారాలు పడుతుందేమో. ఒక నోటీసుకు జవాబివ్వడానికి అంతకన్నా ఎక్కువే పడుతుంది.