రక్తం వాటా ఎంత?



మహాలక్ష్మి రేసు మైదానం ముంబైలో మిల్లు పని చేసినోళ్లకు కొత్త కాదు. అక్కడ గుర్రాలు దౌడు తీస్తాయి. అమెరికా, స్వీడన్, ఫ్రాన్సు దేశాల్లో ఇంకో రకం పందెం ఉన్నది. అందులో గుర్రం దుల్కీ నడకతోనే ఉరకాలె. ముందు ఎడమకాలు, వెనక కుడికాలు కలిసి పడాలె. మామూలుగా వెనక రెండు చక్రాల తేలిక బండి, దాంట్లో తోలేటాయన. మధ్యలో దౌడు అందుకుంటే పగ్గం పట్టి మళ్లీ నడకలోకి తేవాలె, ఆలోపు మిగతావి దాటిపోతాయి.

అమెరికాలో ఈ జాతికి మూలం హాంబుల్టోనియన్ అనే గుర్రం. 1849లో పుట్టింది. ఒక పొలం కూలీ తల్లినీ పిల్లనూ కలిపి 125 డాలర్లకు కొన్నాడు. ఆ గుర్రానికి 1,331 పిల్లలు పుట్టాయి. ఇప్పుడు అక్కడి దుల్కీ గుర్రాలు దాదాపు అన్నీ దాని వంశమే. అయితే రక్తమే అంతా అనుకోవాల్నా?

2012లో స్వీడన్ శాస్త్రవేత్తలు డీఎంఆర్‌టీ3 అనే జన్యువులో ఒక మార్పు కనిపెట్టారు. అది ఉన్న గుర్రానికి ఎక్కువ వేగంలో కూడా దౌడుకు దిగకుండా నడక నిలుపుకోవడం తేలికైతది. ఆ అమెరికా జాతిలో దాదాపు ప్రతి గుర్రానికీ ఆ మార్పు ఉన్నది. అంటే గెలిచినదానికీ ఉన్నది, ఓడినదానికీ ఉన్నది. మరి వాటి మధ్య తేడా ఎక్కడిది?

పందెం సమయం, గెలిచిన సొమ్ము పట్టి లెక్కగట్టిన చాలా పరిశోధనల్లో, గుర్రానికీ గుర్రానికీ ఉన్న తేడాలో రక్తం వాటా మూడో వంతు లోపే తేలింది. మిగతాది మేత, సాధన, కాళ్ల ఆరోగ్యం, తోలేవాడి చెయ్యి, ఆనాటి బాట.

ఈ లెక్క మగ్గం ముందు నిలబడ్డోళ్లకు తొందరగా అర్థమైతది. మగ్గాలన్నీ ఒకే తీరుగ ఉంటే, గుడ్డలో తేడా నూలుదే అనవచ్చు. మగ్గాలే తలా ఒక తీరైతే నూలును తిట్టి ఏం లాభం? రక్తం వాటా కూడా అంతే. అందరికీ ఒకే తీరు పెంపకం దొరికిన చోట అది పెద్దగా కనిపిస్తది, దొరకని చోట చిన్నగా. ఒక్క గుర్రాన్ని పట్టుకొని ఇందులో ఇంత రక్తం, ఇంత సాధన అని విడదీసి చెప్పలేం.

పదో తరగతి ఫలితాలు వచ్చినప్పుడల్లా మన గల్లీలో ఒక మాట వినిపిస్తది: "మిల్లోళ్ల పిల్లలకు చదువు ఎట్ల వస్తది, వంశంలోనే లేదు గదా." గుర్రం లెక్క మనిషికి అట్లనే అతకదు. కానీ గుర్రం విషయంలోనే తొందరపడి అనలేని మాట పిల్లల మీద ఎట్ల అంటాం? పదిమంది ఉన్న ఒక్క గదిలో, టీవీ మోతలో చదివిన పిల్లకూ, వేరే గదీ ట్యూషనూ ఉన్న పిల్లకూ మగ్గం ఒకటేనా?

ఈసారి మార్కులు తక్కువొచ్చిన పిల్ల మీ ఇంట్లో ఉంటే తాత ముత్తాతల ఊసు ఎత్తకండి. రాత్రి రెండు గంటలు టీవీ బందు పెట్టండి. చదువుకునే మూల ఒకటి చూపించండి. లోపం ఎక్కడున్నదో ఆ తర్వాత చూద్దాం.