పెద్దయితే ఏమవుతారు? — సముద్రపు కాపలాదారు

బాలలూ! కిందటి నెలలో రైలు నడిపేవారి సంగతి చెప్పుకున్నాం గదా! ఈసారి సముద్రాన్ని కాపలా కాసేవారి సంగతి చూద్దాం. వారినే తీరరక్షక దళం, అనగా కోస్టుగార్డు అంటారు.

నౌకాదళం ఉండగా మళ్ళీ ఇది యెందుకని మీరు అడగవచ్చు. దొంగసరుకు తెచ్చే పడవలను పట్టుకోవటం, ఓడలనుంచి కారిన చమురు ఒడ్డుకు చేరకుండా చూడటం, ఆపదలో ఉన్న జాలరులను కాపాడటం — ఇవి యుద్ధం లేనప్పుడు కూడా ప్రతిదినం ఉండే పనులు. అందుకని 1977 ఫిబ్రవరి 1న మన దేశంలో ఈ దళాన్ని తాత్కాలికంగా ప్రారంభించారు. 1978లో పార్లమెంటు చట్టం చేసింది. మొదట దాని ఆస్తి అంతా నౌకాదళం ఇచ్చిన రెండు పాత ఓడలూ, కస్టమ్సువారి అయిదు చిన్న పడవలూను! ఇప్పుడు వందకు మించిన ఓడలూ పడవలూ, వాటికి తోడు విమానాలూ హెలికాప్టర్లూ ఉన్నవి.

ఈ పనులన్నిటిలో కష్టమయినది యేదో తెలుసునా? వెతకటం! కాకినాడనుంచి ఒక మరపడవ వేటకు వెళ్ళిందనుకోండి. నడిసముద్రంలో ఇంజను ఆగిపోయింది. లంగరు వేద్దామంటే అందని లోతు. గాలీ, నీటి ఒరవడీ కలిసి పడవను గంటకు 2 నాటికల్ మైళ్ళ చొప్పున లాక్కుపోతున్నవి. (నాటికల్ మైలు అంటే 1,852 మీటర్లు.) 12 గంటల్లో 24 మైళ్ళు పోతుంది. ఏ దిక్కుకు? తెలియకపోతే 24 మైళ్ళ వ్యాసార్ధంతో వృత్తం గీసి, అంతా గాలించాలి. వైశాల్యం మీరే కట్టండి: 1,800 చదరపు మైళ్ళకు పైమాటే! కబురు 6 గంటలకే అందితే? దూరం సగమవుతుంది గాని, వైశాల్యం నాలుగో వంతుకు, అంటే సుమారు 450కి తగ్గుతుంది. చూశారా, రెట్టింపు ఆలస్యానికి నాలుగు రెట్ల శ్రమ! గాలి ఎటు వీస్తున్నదో తెలిస్తే ఆ వృత్తంలో ఒక ముక్క వెతికితే చాలు. అయినా, కెరటాలు నురగలు కక్కే రోజున విమానంలోనుంచి తెల్లపడవ కంటికి ఆనదు.

అందుకే మన ఇస్రోవారు జాలరులకోసం ఒక చిన్న యంత్రం తయారుచేశారు. ఆపదలో మీట నొక్కితే, పడవ ఉన్న చోటు ఉపగ్రహం ద్వారా కోస్టుగార్డుకు తెలుస్తుంది. కొత్తరకం యంత్రంలో, కబురు అందిందన్న జవాబు కూడా పడవకు వస్తుంది. ఆ జవాబు చూసిన జాలరికి ఎంత ధైర్యమో! ఒడ్డున ఉన్నవారు 1554 నంబరుకు ఫోను చెయ్యవచ్చు. మీది సముద్రపు ఊరయితే ఈ నంబరు గోడమీద రాసిపెట్టుకోండి.

ఇక ఉద్యోగాల మాట. నావిక్‌గా ఓడ పనుల్లో చేరటానికి ఇంటర్మీడియట్‌లో లెక్కలూ, భౌతికశాస్త్రమూ చదివి ఉండాలి. ఎందుకో ఇప్పుడు నేను చెప్పనక్కరలేదు! యంత్రాలు చూసే యాంత్రిక్‌కు డిప్లమా కావాలి. డిగ్రీ ఉన్నవారు అసిస్టెంటు కమాండెంటు పదవికి పోటీపడవచ్చు. ఆడపిల్లలు కూడా అధికారులుగా పనిచేస్తున్నారు. కొత్తలో ఓడ కుదుపుకు చాలామందికి కడుపులో తిప్పుతుంది, దానికి జంకవద్దు.

సరే, ఒక లెక్క. మన మరపడవ కబురు 18 గంటలకు అందితే, ఎన్ని చదరపు మైళ్ళు గాలించాలి? జవాబు వచ్చే నెలలో.