ఆ లక్ష రూపాయలు ప్రీయాంప్‌కు పెట్టకండి

ఈమధ్య ఒక కుర్రాడు ఇంట్లో రికార్డు చేసుకున్న గిటార్ ముక్క వినిపించి, "అన్నా, ఏ ప్రీయాంప్ కొంటే ఈ డొల్లతనం పోతుంది?" అని అడిగాడు. లక్ష రూపాయలు కూడబెట్టాడట. నాకు మొదట వినిపించింది అతని గది. టైల్స్ నేల, ఉత్త గోడలు, మైకు కింద పెద్ద బల్ల. మైకులోకి వచ్చినదాన్ని పెద్దది చేయడమే ప్రీయాంప్ పని. గిటార్‌తో పాటు ఆ గదినీ పెద్దది చేస్తుంది.

అయినా ఇళ్లలో అకూస్టిక్ గిటార్ రికార్డు చేసేవాళ్లలో ఒక నమ్మకం పాతుకుపోయింది. మైకును కంప్యూటర్‌కు కలిపే ఇంటర్‌ఫేస్‌తో వచ్చే ప్రీయాంప్ నాసిరకమట, దానితో తీస్తే గిటార్ పల్చగా ఉంటుందట. 1970లో రూపర్ట్ నీవ్ కంపెనీ తెచ్చిన 1073నో, దాని నకలునో కొంటే తప్ప నిండుదనం రాదట. ఇది తప్పు. పైగా, చేతిలో డబ్బు ఆడని పిల్లల చేత అప్పు చేయించే తప్పు.

ముందు రొద సంగతి చూద్దాం. 150 ఓమ్‌ల మూలానికి వేడి వల్లే కొంత రొద ఉంటుంది. సుమారు మైనస్ 131 డీబీయూ. అంతకన్నా కిందికి ఏ ప్రీయాంపూ దిగలేదు. ఇవాళ్టి మామూలు ఇంటర్‌ఫేస్‌లే మైనస్ 127, 128 దాకా వచ్చేశాయి. ఎంత ఖర్చు పెట్టినా ఇక దక్కేది కొద్ది డెసిబెల్సే. అవైనా వినబడతాయా? న్యూమన్ కేఎం 184 మైకు సొంత రొద 13 డెసిబెల్స్. దాని సున్నితత్వంతో లెక్క కడితే అది ప్రీయాంప్ దగ్గర దాదాపు మైనస్ 115 డీబీయూ అవుతుంది. అంటే మైకు రొదే ఇంటర్‌ఫేస్ రొదను ముంచేస్తోంది. అర్ధరాత్రి ఫ్యాన్ ఆపేసిన గదిలో 30 డెసిబెల్స్ సద్దు ఉందనుకుంటే అది మైనస్ 98. ప్రీయాంప్ రొద దానికి 30 డెసిబెల్స్ అడుగున ఉంటుంది.

రొద సరే, మరి రంగు మాటేమిటి అంటారు. 1073 లాంటివాటిలోని ట్రాన్స్‌ఫార్మర్ ఇచ్చే రంగు ఉంది, నేను కాదనను. గెయిన్ బాగా పెంచి తోస్తే అది పైకి తేలుతుంది. మెల్లగా మీటే గిటార్‌ను శుభ్రంగా తీసేటప్పుడు అది చాలా సన్నటి తేడా. మైకును 12వ ఫ్రెట్ ఎదుట నుంచి సౌండ్‌హోల్ వైపు నాలుగంగుళాలు జరిపి చూడండి. మంద్రం ఒక్కసారిగా ఉబ్బి గిటారే మారిపోతుంది.

ప్రీయాంప్‌లను పోల్చడంలో నేనూ ఒకప్పుడు మోసపోయాను. రెండు ప్రీయాంప్‌లతో రెండుసార్లు వాయించి, ఖరీదైనదే నిండుగా ఉందని తీర్మానించాను. తర్వాత కొలిస్తే అది ఒకటిన్నర డెసిబెల్ ఎక్కువ బిగ్గరగా ఉంది. కాస్త బిగ్గరగా ఉన్నదే చెవికి మెరుగనిపిస్తుంది. పైగా ఒక మనిషి రెండుసార్లు ఒకేలా వాయించలేడు, మధ్యలో కుర్చీ కూడా జరుగుతుంది. తర్వాత ఒకే మైకు సిగ్నల్‌ను చీల్చి రెండింటికీ పంపి, స్థాయి 0.1 డెసిబెల్ వరకు సరిచేశాను. ఏది మోగుతోందో చెప్పకుండా మిత్రుడు మార్చుతూ పోతే నేను గుర్తుపట్టలేకపోయాను.

మామూలు పరికరాలతో ఏమవుతుందో చూడాలంటే, అమెరికన్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ 'నెబ్రాస్కా' ఆల్బమ్ పాటల్లో చాలావాటిని 1982 జనవరి ప్రాంతంలో న్యూజెర్సీలోని ఇంట్లో టీయాక్ 144 క్యాసెట్ మల్టీట్రాక్ మీద, రెండు షూర్ ఎస్ఎం57 మైకులతో తీశాడు. తర్వాత బ్యాండ్‌తో స్టూడియోలో మళ్లీ ప్రయత్నించినా, చివరికి విడుదలైంది ఆ క్యాసెట్టే. అందులో రొద వినిపిస్తుంది. ఆ రొద ఉందని ఆ గిటార్‌ను పక్కన పెట్టినవాళ్లను నేను చూడలేదు.

అయితే రిబ్బన్ మైకుతోనో, డైనమిక్ మైకుతోనో చాలా మెల్లగా వాయించేవాళ్లకు 60 డెసిబెల్స్ దాటి గెయిన్ కావాలి. అంత ఇవ్వలేని ఇంటర్‌ఫేస్‌లు ఉన్నాయి, అక్కడ వాళ్ల బాధ నిజమే. దానికి 25 డెసిబెల్స్ పెంచే చిన్న బూస్టర్ చాలు.

ఇక ఆ కుర్రాడి రికార్డింగ్‌లోని డొల్లతనం. బల్లకు తగిలి వచ్చే శబ్దం నేరుగా వచ్చేదానికన్నా మీటరు ఎక్కువ తిరిగితే దాదాపు 3 మిల్లీసెకన్లు ఆలస్యమవుతుంది. అప్పుడు 170 హెర్ట్జ్ దగ్గర రెండూ ఒకదాన్నొకటి తినేస్తాయి, మళ్లీ 515 దగ్గర, మళ్లీ 860 దగ్గర. గిటార్ ఒళ్లంతా ఉండేది అక్కడే. దుప్పట్లు పైస్వరాలను మింగుతాయి గానీ 170 దగ్గర వాటికి బలం చాలదు. అందుకని బల్ల బయటకు తోశాం. అతన్ని గోడలకు దూరంగా కూర్చోబెట్టి, మందపాటి రాక్‌వూల్ పలకలు నాలుగు నిలబెట్టాం. కొత్త ఫాస్ఫర్ బ్రాంజ్ తీగలు వేసి, మైకు 12వ ఫ్రెట్ ఎదుట అడుగు దూరంలో పెట్టాం. ఇంటర్‌ఫేస్ పాతదే. లక్షలో చాలావరకు మిగిలింది. దానితో మంచి గిటార్ కొనుక్కోమన్నాను.