కవ్వా అంటే కాకే, సారూ!

ఒకటో తరగతి. నాకు ఆరేళ్ళు. సారు గోడకు చార్టు తగిలించి, కట్టెతో ఒక నల్లపిట్టను చూపించి "ఇదేందిరా?" అన్నాడు. క్లాసులో అందరికంటే ముందు చెయ్యెత్తింది నేనే. నాకది బాగా తెలుసు మరి! రోజూ పొద్దున మా ఇంటి గూనపెంకుల మీద వాలేది. దాదీ రొట్టెముక్క వేస్తే ఎత్తుకుపోయేది. అది అరిస్తే చుట్టాలొస్తారని అమ్మీ బీడీలు చుడుతూనే వాకిట్లోకి చూసేది. గట్టిగా "కవ్వా!" అన్నాను.

క్లాసంతా ఘొల్లుమంది. సారూ నవ్వాడు. "కవ్వంతోని సల్ల చిలుకుతరు గదరా తురకోడా! మీ ఇంట్ల కాకితోని చిలుకుతరా?" అన్నాడు. మళ్ళీ నవ్వులు. నేను చెయ్యి దించుకున్నాను. ఆ చెయ్యి మళ్ళీ లేచింది అయిదో తరగతిలో.

ఆ సారు చెడ్డవాడేం కాదు. రంజాన్ పండక్కి మా ఇంటికొచ్చి షీర్‌ఖుర్మా తాగి, మా అబ్బా భుజం తట్టిపోయే మనిషే. మా షీర్‌ఖుర్మా ఆయన గొంతు దిగింది. మా మాటే దిగలేదు. ఈ దేశంలో మాతో స్నేహం చేసేవాళ్ళ తీరు చాలావరకు ఇదే. బిర్యానీ కావాలి, గజల్ కావాలి, పీర్ల పండుగ ఫోటో కావాలి. బెంచీ చివర కూర్చున్న పిల్లగాడు తన ఇంటి మాటతో నోరు తెరిస్తే మాత్రం నవ్వొస్తుంది.

నవ్వితే ఏమైంది, పిల్లలన్నాక నవ్వరా అంటారు. నవ్వు సంగతి కాదు నేను చెప్పేది. నా జవాబు తప్పు కాదు. ప్రశ్న పిట్ట గురించి, నాకు పిట్ట తెలుసు. తెలిసినోణ్ణి తెలియనోడిగా నిలబెట్టారు. ఆ నాలుగేళ్ళు నేను నేర్చుకున్న పాఠం ఒక్కటే: నాకు తెలిసింది ఇక్కడ చెల్లదు. నాణెం చెల్లకపోతే జేబులో దాచుకుంటాం. మాట చెల్లకపోతే ఎక్కడ దాచుకోవాలి? గొంతులోనే. తర్వాత అదే పిల్లగాణ్ణి చూపించి "మొద్దు, నోట్లో నాలుక లేదు" అన్నారు. నాలుక ఉంది సారూ. అది మీ బడి గేటు దగ్గరే ఆగిపోయింది.

అసలు మన బడుల్లో మాట్లాడేదెవరు? పంతులు ఒక్కడే. పిల్లల వంతుకొచ్చేది రెండే. ఒకటి "అర్థమైందా?" అంటే "అయిందీ..." అని కోరస్. రెండోది చెప్పింది చెప్పినట్టు అప్పజెప్పడం. దీన్ని సంభాషణ అనరు. సంభాషణంటే పంతులుకు జవాబు తెలియని ప్రశ్న అడగడం. "మీ ఇంటి మీద ఏ పిట్ట వాలుతది? దానికెవరు తిండి పెడతరు?" అని అడిగి చూడండి. ఆ జవాబు పిల్లగాడి దగ్గర తప్ప పుస్తకంలో ఉండదు. అప్పుడు పంతులు వినాలి. వినిపించుకున్న పిల్లగాడే మాట్లాడతాడు. మాట్లాడే పిల్లగాడికే చదవడానికీ రాయడానికీ ఏదో ఒకటి ఉంటుంది.

1970లలో అమెరికాలో మేరీ బడ్ రో అనే ఆమె తరగతి గదుల్లో కూర్చుని ఒక సంగతి కొలిచింది. ప్రశ్న అడిగిన తర్వాత టీచరు జవాబు కోసం ఆగేది దాదాపు ఒక్క సెకను. దాన్ని మూడు సెకన్లకు పెంచితే పిల్లల జవాబుల పొడవు పెరిగింది. నోరు మెదపనివాళ్ళూ మెదిపారు. మూడు సెకన్లు! ఇంట్లో ఒక భాష, బడిలో ఇంకో భాష ఉన్న పిల్లగాడు ఆ మూడు సెకన్లలో ఎంత పని చేస్తాడో ఆలోచించండి. ప్రశ్నను తన భాషలోకి మోసుకుపోవాలి, జవాబు వెతకాలి, దాన్ని మీ భాషలోకి మోసుకురావాలి. వాడింకా దారిలో ఉండగానే మీరు "కూర్చో" అంటున్నారు.

దీనికి కోట్లు అక్కర్లేదు. కృష్ణకుమార్ 1986లో పిల్లల భాష మీద టీచర్ల కోసం రాసిన చిన్న పుస్తకంలో, పిల్లల కబుర్లు పాఠానికి అడ్డం కాదు, చదువుకు పునాది అని విడమరిచి చెప్పాడు. ఆ రోజు మా సారు "ఓహో, మీ ఇంట్ల కవ్వా అంటరా? మేం కాకి అంటం. మీ కవ్వా ఏం జేస్తది, చెప్పు బేటా" అని ఉంటే చాలు. నాకు కాకి అనే మాట వచ్చేది, మిగతా నలభైమందికి కవ్వా వచ్చేది. దాదీ రొట్టెముక్క కూడా పాఠంలోకి వచ్చేది. దీనికి కావలసిన ఖర్చెంత?

చట్టం లేదా అంటే ఉంది. మాతృభాషలో ప్రాథమిక విద్యకు వసతులు కల్పించాలని రాజ్యాంగంలో 350-ఎ అధికరణ 1956లోనే చేరింది. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్, వీలైనంతవరకు బోధన మాతృభాషలో ఉండాలంది. పిల్లలు భయం లేకుండా తమ అభిప్రాయాలు స్వేచ్ఛగా చెప్పగలగాలని కూడా అంది. 2020 జాతీయ విద్యావిధానం సాధ్యమైనచోట కనీసం అయిదో తరగతి దాకా ఇంటి భాషే అంది. ఆ "వీలైనంత", "సాధ్యమైన" అన్న మాటల సందులోంచే మా పిల్లలు జారిపోతున్నారు.

తెలుగు మిత్రులారా, ఒక్క నిమిషం మీ బడినే చూడండి. పొద్దున్నే పిలిచేది హాజరు. రాసేది కాగితం మీద. పంతులు కూర్చునేది కుర్చీలో. గద్దించి అడిగేది జవాబు. ఇవన్నీ మా ఇంటి మాటలే. మా మాటలు హాజరు పట్టీలో ఉన్నాయి, మా పిల్లలేమో నోరున్నా గైర్హాజరు!

ఇక్కడ నేను కూడా చెయ్యెత్తి ఒప్పుకోవాల్సింది ఒకటుంది. 1921లో హైదరాబాదులో జరిగిన ఒక సభలో అల్లంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే సభలో గోల చేసి ఎగతాళి చేశారు. ఆ అవమానంలోంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. ఉర్దూ మీడియంలో మొదలైన ఉస్మానియా మాకు గర్వకారణం, కాదనను. దేశీ భాషలో పెద్ద చదువులు చెప్పొచ్చని చూపించింది అది. అయితే ఆ కాలంలో ఉర్దూ రాక బడి వెనక బెంచీలో బిగుసుకుపోయిన తెలుగు పిల్లగాడి గొంతులో కూడా ఒక కాకి ఇరుక్కునే ఉంటుంది. వాడి బాధ మా పెద్దల్లో ఎంతమంది విన్నారు? ఆ లెక్క తీర్చడానికి మా ఆరేళ్ళ పిల్లల్ని ఎగతాళి చేయాలంటే మాత్రం ఒప్పుకోను. ఆ అవమానం రుచి తెలిసిన జాతి దాన్ని ఇంకొకరికి వడ్డించకూడదు.

ఇప్పుడు నావాళ్ళతో. మన ఉర్దూ మీడియం బడుల్లో ఏం జరుగుతోంది? పిల్ల "నక్కో" అంటే ఉస్తాద్ కళ్ళెర్రజేస్తాడు. "నహీఁ బోలో, జాహిల్!" అంటాడు. "హౌ" అంటే బెత్తం. లక్నో జబాన్ కోసం దక్కన్ నాలుక కోస్తారు. నక్కో మన దాదీ, నానీల మాట. దానికి సిగ్గుపడే పిల్ల రేపు దాదీకీ సిగ్గుపడుతుంది. ఇక ఇంట్లో తెలుగే మాట్లాడే దూదేకుల పిల్లగాడు వస్తే, "ఉర్దూ రాదు, నువ్వేం ముసల్మానువు?" అంటాం. ఆ మాటకూ మా సారు నవ్వుకూ తేడా ఏంటి? పిల్లలకు అర్థం చెప్పకుండా కంఠస్థం చేయించి, ప్రశ్న అడిగితే బేఅదబీ అని నోరు మూయిస్తే, ఆ మూసుకున్న నోరు బయట తెరుచుకుంటుందా?

ఇంగ్లీషు మీడియంతో ఈ గొడవ తీరిందనుకునేవాళ్ళున్నారు. 2022-23 నుంచి తెలంగాణ సర్కారు బడుల్లోకీ ఇంగ్లీషు మీడియం వచ్చింది. ఇంగ్లీషు వద్దనను. అది పెద్దోళ్ళ పిల్లలకే ఎందుకు దక్కాలి? కానీ మా తమ్ముని బిడ్డను చూడండి. ప్రైవేటు బడిలో యూకేజీ. చార్టులో పిట్టను చూపిస్తే "క్రో" అంటుంది, తప్పులేదు. "అదేం చేస్తుందమ్మా?" అంటే నా మొహం చూస్తుంది. ఒక పిట్టకు మూడు భాషల్లో పేర్లొచ్చు. దాని గురించి ఒక్క వాక్యం రాదు. మాకు దొరుకుతున్నది పేర్ల చదువు, మాటల చదువు కాదు.

"మరి తెలుగు రాకపోతే ఎట్లా బతుకుతారు?" అని అడుగుతారు. రావాలి! నేను తెలుగులో వార్తలు రాసే బతుకుతున్నాను. తెలుగు నాకు పరాయిది కాదు, రెండో ఊపిరి. అయిదో తరగతిలో ఒక టీచరమ్మ నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని, దాదీ చెప్పిన కహానీ నా మాటల్లోనే చెప్పమంది. సగం దక్కనీ, సగం తెలుగు. ఆమె ఎక్కడా ఆపలేదు, దిద్దలేదు. నేను తడబడినచోట తెలుగు మాట అందించింది, అంతే. కథ ముగిసేసరికి తెలుగు నాదైంది. నా భాషను లాక్కుని ఇచ్చి ఉంటే ఆ తెలుగు ఎప్పటికీ పరాయిదే అయ్యేది.

బడిలో నోరు పోగొట్టుకున్నవాడు పెద్దయ్యాక మండలాఫీసు కిటికీ ముందు నోరు విప్పలేడు. ఠాణాలో "ఎక్కడోడివిరా?" అంటే జవాబివ్వలేడు. రేషన్ కార్డులో పేరు తప్పు పడినా "ఇది నా పేరు కాదు" అనలేడు. అలాంటి మనుషులు మా బస్తీల నిండా ఉన్నారు. వాళ్ళ మౌనాన్ని చూసి కొందరు వెనకబాటుతనం అంటారు, కొందరు అనుమానిస్తారు. అది పుట్టిన చోటు మాత్రం ఎవరూ చూడరు. అది ఒకటో తరగతిలో, ఒక చార్టు ముందు పుట్టింది.

మేం అడిగేది పెద్ద కోరికేం కాదు. అంగన్‌వాడీలో, ఒకటో తరగతిలో రోజుకు అరగంట పిల్లల్ని చాప మీద గుండ్రంగా కూర్చోబెట్టి మాట్లాడనివ్వండి. ఏ భాషలో వస్తే ఆ భాషలో. దక్కనీ, లంబాడీ, గోండి, వాడల తెలుగు, ఏదైనా సరే. మా బస్తీ బడుల్లో ఆ భాష అర్థమయ్యే ఒక్క మనిషినైనా పెట్టండి. దొరక్కపోతే, పాఠం చెప్పే పంతులే ఆ పిల్లల దగ్గర నాలుగు మాటలు నేర్చుకోవాలి. అడిగాక మూడు సెకన్లు ఆగండి. నవ్వకండి.

మా ఇంటి మీద ఇప్పటికీ అది వాలుతుంది. మీరు కాకి అనండి, మేం కవ్వా అంటాం. రెండు పేర్లతో పిలిచినా రొట్టెముక్కకు వచ్చేది అదే పిట్ట.