ఆపరేషన్ ఒక పూట, కాపలా పది రోజులు

మదనపల్లె, పుంగనూరు, కుప్పం పల్లెలలో టమోటా తోటకైనా, పట్టుపురుగుల షెడ్డుకైనా కుక్కే కాపలా. అటువంటి కుక్కకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించడానికి కొందరు ముందుకు రావడం హర్షణీయం. పెంపుడు జంతువు విషయంలో ఈ బాధ్యత యజమానిదేనని 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనలు చెబుతున్నాయి. అయితే ఆసుపత్రి బల్ల మీది నుంచి దింపగానే ఆ బాధ్యత తీరిపోదు.

కోడెకు విత్తులు నొక్కించిన రైతు కొన్నాళ్లు దాని మెడపై కాడి పెట్టడు. అదే చేతులతో కుక్కను ఆపరేషన్ అయిన రాత్రే తోటకు తోలడం శోచనీయం. ఆడకుక్కకు పొట్ట కోసి అండాశయాలను, సాధారణంగా గర్భసంచిని కూడా తీసివేస్తారు. అది చిన్న పని కాదు.

మత్తు పూర్తిగా వదిలేదాకా జంతువును అరుగు మీద, మెట్ల పక్కన ఉంచరాదు. మదనపల్లె చలికి గోనెసంచి పరిచి ఇంటిలోపలే పడుకోబెట్టాలి. తెలివి వచ్చాక కొద్దిగా నీళ్లు, ఆ తరువాత కొద్దిగా తిండి పెడితే చాలు. పది నుంచి పద్నాలుగు రోజులు పరుగు, దూకుడు, స్నానం వద్దు. కుట్లు నాకితే ఊడిపోయి చీము పట్టే ప్రమాదముంది. అందుచేత మెడకు గరాటు పట్టీ కట్టించాలి. ఉదయం, సాయంత్రం గాయాన్ని చూడాలి.

గాయానికి బూడిద, కిరసనాయిలు పూయడం హానికరం. మనుషుల నొప్పి మాత్రలు అసలే వేయరాదు. పారాసిటమాల్ పిల్లి ప్రాణం తీయగలదు. ఐబుప్రోఫెన్ కుక్కకు విషంతో సమానం. రక్తం ఆగకపోయినా, చీము, దుర్వాసన వచ్చినా, వాంతులు పట్టినా, మరునాటికీ ముద్ద ముట్టకపోయినా వెంటనే డాక్టరుకు చూపాలి. మగకుక్కకు ఆపరేషన్ అయ్యాక కూడా కొన్ని వారాలు పిల్లలు పుట్టించే శక్తి ఉంటుంది గనుక ఆడకుక్కల దరికి పోనీయరాదు.

ఈ జాగ్రత్తలు చెప్పేవారు లేక ఒక కుక్క చనిపోతే ఆ ఊరిలో మరెవ్వరూ ఆపరేషన్‌కు ఒప్పుకోరు. అప్పుడు పుట్టిన పిల్లలు కంపచెట్లలోకో, రోడ్డు మీదికో చేరుతాయి. టీకా ఎరుగని ఆ కుక్కలలో ఒకదానికి పిచ్చి పట్టి బిడ్డను కరిస్తే, లక్షణాలు బయటపడిన తరువాత ఆ బిడ్డను బతికించడం దాదాపు అసాధ్యం.

కనుక జంతువును ఇంటికి పంపే ముందు ఈ నాలుగు మాటలను పశువైద్య సిబ్బంది యజమానికి విడమరచి చెప్పాలి. తెలుగులో ఒక చీటీ రాసిచ్చినా మేలే. సరిహద్దు ప్రాంతమైన కుప్పంలో తమిళం, కన్నడం మాట్లాడేవారికి వారి భాషలోనే చెప్పాలి. ఏడాది పొడవునా మన వాకిలి కాచే జంతువుకు మనం పది రోజులు కాపలా ఉండలేమా?