ఒంటి బాట మీద పందెమా?

మన కాలేజీలో ఏ సరదాకైనా మూడో ఏటికల్లా ఒక కప్పు పుడుతుంది. కప్పు పుట్టిందంటే ఒకడు నెగ్గినవాడూ, మిగతావాళ్ళంతా ఓడినవాళ్ళూ. పాటకు కప్పు, ముగ్గుకు కప్పు, ఆఖరికి మౌనవ్రతం పెట్టినా దానికీ ఓ షీల్డు తెస్తారేమో! ఇప్పుడా గాలి మా కొండ సైకిళ్ళ జట్టు మీదికి మళ్ళింది. ఏటా డిసెంబరులో పదిమందిమి చేసుకునే అరకు అడవి యాత్రను వచ్చే ఏటి నుంచి దిగుడు పందెంగా మార్చాలట, అందుకు యూనియన్ నిధుల్లోంచి డబ్బివ్వాలట! సంతకాలు కూడా బాగానే పడ్డాయి. నేను పెట్టలేదు. ఎందుకు పెట్టలేదో మెస్సులో నలుగురికి చెబితే అది నలభై రకాలుగా పాకింది గనుక, ఈ సంచికలో కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఒక సంగతి. "చదువుకోక అడవిలో సైకిలేమిట్రా" అనే పెద్దల పక్షం కాదు నాది. "అరకు మనకు కొత్తా? ఐదో క్లాసు విహారయాత్ర నుంచీ చూస్తున్నదేగా" అనేవాళ్ళ పక్షమూ కాదు. బస్సు కిటికీలోంచి చూసింది చూడటం కాదు మిత్రులారా! సైకిళ్ళను కిరండూల్ బండి లగేజీ పెట్టెలో వేయించి, సొరంగాలు లెక్కపెట్టడం మొదలుపెట్టి మధ్యలో మరిచిపోయి, సుమారు 900 మీటర్ల ఎత్తున దిగితే, ఆ మర్నాడు తెల్లారి మొదలవుతుంది అసలు అరకు. చలికి బ్రేకు పిడి మీద వేళ్ళు కొంకర్లు పోతాయి. సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ మొక్కలు, చెట్ల మొదళ్ళకు అల్లుకున్న మిరియాల తీగలు, వాటి మధ్యగా ఒక్క మనిషికి సరిపోయే బాట. రెండు సైకిళ్ళు పక్కపక్కన పోలేవు. కబుర్లుండవు. ముందువాడి వెనక చక్రం, మంచుకు తడిసిన మట్టి వాసన, ఎక్కడో లోయలో సెలయేటి చప్పుడు, అంతే.

తొక్కడం తెలిసినవాళ్ళకు ఇందులో ఇంకో ఆనందముంది. దిగుడులో సీటు కిందికి దించి, ఒళ్ళు వెనక్కి వాల్చి, పెడళ్ళు రెండూ నేలకు సమంగా ఉంచి, చూపు పది గజాల ముందు పెట్టాలి. రాయిని చూశామా, రాయి మీదికే పోతాం. పక్కనున్న సందును చూస్తే సైకిలు దానంతటదే సందులోకి పోతుంది. ఈ విద్య ఏ లెక్చరరూ చెప్పలేదు, కొండే నేర్పింది. అందుకని ఈ యాత్ర ఉండాలి, పెరగాలి, అమ్మాయిలూ రావాలి అనే నేనూ అంటాను.

నా పేచీ అంతా పందెంతోనే. ఆ బాట ఎవరిదో ఒకసారి చూడండి. మేం పోయినప్పుడు ఒక మలుపులో ఎదురుగా ఆరేడుగురు ఆడవాళ్ళు నెత్తిన మూటలతో, ఒకాయన భుజాన కావిడితో సంతకు పోతూ కనిపించారు. మా ముందువాడు బ్రేకు వేసి, దిగి, సైకిలెత్తుకుని పొదలోకి జరిగాడు. మేమూ ఒకరి వెనక ఒకరం అలాగే జరిగాం. "బేగి పొండి బాబూ, మద్దేనం ఎండెక్కిపోద్ది" అని నవ్వుకుంటూ పోయిందో ముసలమ్మ. ఆవిడకు మేం మంచి కాలక్షేపం! ఇదే పందెమైతే? చేతిలో ఫోను నిమిషాలు లెక్కపెడుతుంటే, వెనక ఇంకొకడు తరుముకొస్తుంటే, దిగి సైకిలెత్తుకునేవాడెవడు? "ఈలలు ఊదుతాం, బాటకు రెండు వైపులా వలంటీర్లను పెడతాం" అంటున్నారు. అంటే సంతకు పోయే మనిషిని మన షీల్డు కోసం ఎండలో నిలబెడతామన్నమాట.

ఇంకో మాట చెప్పాలి. ఏజెన్సీలో రోడ్డు లేని ఊళ్ళెన్నో ఇప్పటికీ ఉన్నాయి. నొప్పులు పడుతున్న తల్లిని డోలీలో మోసుకుంటూ ఇలాంటి బాటల మీదే రోడ్డుదాకా వస్తారు. ఈ వార్త మనం పేపర్లో ఎన్నిసార్లు చదవలేదు! 2006 అటవీ హక్కుల చట్టంలో ఇలాంటి ఊళ్ళకు రోడ్డు వేసుకోవడానికి వీలుంది. గ్రామసభ సిఫారసుతో, హెక్టారుకు మించకుండా అడవి భూమి ఇవ్వవచ్చని రాసి ఉంది. కాగితం మీద వీలున్నా రోడ్డు రాని చోట ఆ సన్నబాటే ఆసుపత్రి దారి, బడి దారి, రేషను దారి. మనకు థ్రిల్లుగా ఉన్నది వాళ్ళకు ఇబ్బంది. ఆ ఇబ్బందిని స్టేడియం చేసుకోవడానికి నాకు మనసొప్పదు.

పందెంవాళ్ళు అమెరికాను సాక్ష్యానికి తెస్తున్నారు. మంచిదే, చూద్దాం. 1976లో కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీలో కొందరు కుర్రాళ్ళు పాత లావుటైర్ల సైకిళ్ళ మీద కొండ దిగే పందెం మొదలుపెట్టారు. మూడు కిలోమీటర్ల పైచిలుకు దారిలో 400 మీటర్ల దిగుడు. కిందికి వచ్చేసరికి వెనక చక్రం బ్రేకులో గ్రీజు కాలి పొగలొచ్చేది, మళ్ళీ కూరాల్సి వచ్చేది. అందుకే ఆ పందేనికి 'రీప్యాక్' అని పేరు. అక్కడి నుంచే 1977లో జో బ్రీజ్ కొండల కోసమే కట్టిన ఫ్రేము, 1979లో గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీల దుకాణం, 1996లో అట్లాంటా ఒలింపిక్స్‌లో పోటీ. ఇదంతా నిజమే. కానీ ఆ రీప్యాక్ దారి ఒంటి బాట కాదు, అగ్నిమాపక బండ్లు పోయేందుకు వేసిన మట్టిరోడ్డు! ఈ సంగతి మనవాళ్ళు చెప్పరు. ఆ మారిన్‌లోనే సన్నబాటల మీద సైకిళ్ళకూ నడిచేవాళ్ళకూ తగవులు ముదిరి, చాలా బాటల్లో దశాబ్దాలపాటు సైకిలును రానివ్వలేదు. పుట్టింట్లోనే చుక్కెదురన్నమాట. ఆ తర్వాత అక్కడి సైకిలువాళ్ళు పెట్టుకున్న కట్టుబాటేమిటి? నడిచేవాడికి సైకిలు దారివ్వాలి, ఎక్కేవాడికి దిగేవాడు దారివ్వాలి. దిగుడు పందెంలో ఈ రెండూ కుదరవు.

మట్టి గురించి కూడా ఒక మాట. సైకిలు అడవిని పాడుచేస్తుందని కొందరు గగ్గోలు పెడతారు, అదీ పూర్తిగా నిజం కాదు. 1994లో మోంటానాలో వచ్చిన ఒక పరిశీలనలో చక్రాలకంటే మనుషుల కాళ్ళూ గుర్రపు డెక్కలే మట్టిని ఎక్కువ లేపాయని తేలింది. అయితే అది మామూలుగా తొక్కినప్పటి మాట. తడినేల మీద బ్రేకు బిగించి చక్రం ఈడ్చుకుపోతే గాడి పడుతుంది. మర్నాటి వానకు ఆ గాడే కాలువ, వచ్చే ఏటికి అక్కడ బాట ఉండదు. పందెంలో చక్రం ఈడ్వని మొనగాడెవడో చూపించండి! పైగా మలుపు తిరగడం ఇష్టం లేక అడ్డంగా కోసుకుపోయే ఘనులు మన జట్టులోనే ఇద్దరున్నారు. (పేర్లు రాయను, చదివి వాళ్ళే నవ్వుకుంటారు.) అసలు రిజర్వు అడవిలోకి అనుమతి లేకుండా చొరబడటమే చట్టం ప్రకారం తప్పు. ఫారెస్టు వాళ్ళు పదిమంది కుర్రాళ్ళను చూసీచూడనట్టు పోనిస్తారేమో గానీ, బ్యానరూ మైకూ చూసి ఊరుకోరు. ఒకసారి గొడవయిందంటే యాత్ర కూడా పోతుంది.

"మరి యువతకు పోటీ వద్దా?" అని నన్ను నిలదీశాడు మా రూమ్మేటు. ఉండనీ గురూ! గ్రౌండు వెనక గుట్ట మీద పెట్టండి, నేనే గడియారం పట్టుకుని నిలబడతాను. ఎర్రమట్టి దిబ్బల వైపు మాత్రం చూడకండి, వేల ఏళ్ళుగా పేరుకున్న ఇసుక అది, మన టైర్లకు నిలవదు.

ఇక యూనియన్ డబ్బు. షీల్డులకూ శాలువాలకూ పోసే బదులు ఆ సొమ్ముతో నాలుగు గేర్ల సైకిళ్ళు సెకండ్ హ్యాండ్‌లోనైనా కొనండి. వాటితోపాటు పది హెల్మెట్లు, బ్రేకు రబ్బర్లు, ట్యూబులు, ఒక మంచి పంపు. ఈ రోజున కొండ సైకిలు ఉన్నవాడే యాత్రకు వస్తున్నాడు. స్కాలర్‌షిప్ మీద బతికే హాస్టలు విద్యార్థికి ఆ భాగ్యం లేదు. అరకు, పాడేరు వైపు నుంచి వచ్చి మనతో చదువుకుంటున్నవాళ్ళే మా జట్టులో ఒక్కరూ లేరు! ఎటు పోవాలో, ఎవరినడగాలో, ఏ రోజు సంతో వాళ్ళకు తెలిసినంత మనకు తెలుసునా? ముందు వాళ్ళను పిలవండి. బాట ఏదో వాళ్ళను చెప్పనివ్వండి, ఊరి పెద్దల్ని అడిగి, సంత లేని రోజు చూసుకుని, ఫారెస్టు అనుమతి కాగితం చేత పట్టుకుని పోదాం.

యూనియన్ సర్వసభ్య సమావేశంలో ఈ తీర్మానం నేను పెడుతున్నాను, బలపరిచేవారు కావాలి. యాత్రకు సైకిలు లేనివాళ్ళు యూనియన్ గదిలో పేరు రాయించుకోండి. పేరు పక్కన ఎత్తు కూడా రాయండి, ఫ్రేము సైజు చూసుకోవాలి.